ఊసరవెల్లి: నిద్ర, విశ్రాంతి ప్రవర్తన

నిర్వచనం

ఊసరవెల్లి పగటి జీవి. పొద్దు వాలే వేళకు సన్నని కొమ్మ చివరికి చేరి, తోక చుట్టుకుని, కళ్ళు మూసుకుని తెల్లవారే వరకు కదలకుండా ఉంటుంది. ఈ స్థితే దాని నిద్ర. పగలు కళ్ళు తెరిచి, కనుగుడ్లు అటూ ఇటూ తిప్పుతూ, ఒళ్ళు కదపకుండా కూర్చోవడం విశ్రాంతి. గంటల తరబడి ఒకే కొమ్మ మీద ఉన్నా అది నిద్ర కిందికి రాదు. మూడో స్థితి ఒకటుంది: పట్టపగలు కళ్ళు మూసుకుని ఉండడం. చూసేవారు దీన్ని కునుకు అనుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న ఊసరవెల్లికి పగటి కునుకు అలవాటు లేదు కనుక దీన్ని ప్రవర్తన కింద కాక జబ్బు లక్షణం కిందే చర్చించాలి.

ఈ వ్యాసంలో శ్రీకాకుళం జిల్లా బారువ, సోంపేట, పలాస, టెక్కలి ప్రాంతాల తోటల్లో బతకగల దేశీయ జాతి, విదేశాల్లో ఇళ్ళలో పెంచే జాతులు రెండూ ప్రస్తావనకు వస్తాయి. నిద్ర విషయంలో వీటి మధ్య తేడా స్వల్పం. పెంపకం విషయంలో మాత్రం మన చట్టం రెంటినీ వేరువేరుగా చూస్తుంది (చూ. చట్టపరమైన స్థితి).

జాతి, ఆవాసం

ప్రపంచంలో 200కు పైగా ఊసరవెల్లి జాతులున్నాయి. వాటిలో దాదాపు సగం మడగాస్కర్ దీవిలోనే ఉన్నాయి. భారతదేశంలో సహజంగా ఉన్నది ఒకే జాతి. దాని శాస్త్రీయ నామం కెమీలియో జైలానికస్. 1768లో లారెంటి దీనికి ఈ పేరు పెట్టాడు. భారత్‌తో పాటు శ్రీలంక, పాకిస్తాన్‌లలోనూ ఇది ఉంది. తోకతో కలిపి సుమారు 35 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. విషం లేదు.

తొండను చూసి ఊసరవెల్లి అనుకోవడం మామూలు, ఎందుకంటే తొండ కూడా రంగు మారుస్తుంది. నిద్రను పరిశీలించేవారు ముందుగా ఈ రెంటినీ వేరు చేసుకోవాలి. తొండకు విడివిడి వేళ్ళు, చుట్టుకోని తోక ఉంటాయి, పరుగు వేగం. ఊసరవెల్లి ముందు పాదంలో లోపలివైపు మూడు, బయటివైపు రెండు వేళ్ళు కలిసిపోయి పట్టకారులా ఉంటాయి. వెనుక పాదంలో ఈ లెక్క తిరగబడుతుంది. తోక కొమ్మను చుట్టి పట్టుకోగలదు, కానీ బల్లి తోకలా ఊడదు, తెగితే తిరిగి మొలవదు. రెండు కళ్ళూ దేనికది విడిగా తిరుగుతాయి.

మహేంద్రగిరి నుంచి దిగిన మహేంద్రతనయ నది బారువ దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. అక్కడి నుంచి ఇచ్ఛాపురం వైపూ పలాస వైపూ పరుచుకున్న ఉద్దానం నేల కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు పేరు పొందింది. తీరం వెంట సరుగుడు తోపులు, మొగలి పొదలు కనిపిస్తాయి. ఊసరవెల్లికి కావలసినవి మూడు: ఎండ కాచుకోవడానికి కొమ్మలు, తినడానికి పురుగులు, గుడ్లు పెట్టడానికి తవ్వుకోగల మెత్తని నేల. జీడిమామిడి తోటలో మూడూ దొరుకుతాయి. కొబ్బరి చెట్టు దీనికి అంతగా ఉపయోగపడదు. పడుకోవడానికి సన్నని కొమ్మ కావాలి, కొబ్బరికి కొమ్మలే ఉండవు.

అధ్యయన చరిత్ర

క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దిలోనే అరిస్టాటిల్ తన జంతు చరిత్ర గ్రంథంలో ఊసరవెల్లి కళ్ళను, శరీరాన్ని, రంగు మార్పును వర్ణించాడు. ఇది గాలి తిని బతుకుతుందని రోమన్ రచయిత ప్లీనీ రాసిన మాట ఐరోపాలో వందల ఏళ్ళు చెలామణి అయింది. రంగు మార్పుపై ప్రయోగాత్మక పరిశీలన 19వ శతాబ్దిలో మొదలైంది. 1852లో ఎర్నెస్ట్ బ్రూకె ఆఫ్రికా ఊసరవెల్లి మీద చేసిన పని ప్రచురితమైంది. 1934లో జూండ్, ఐర్ అనే పరిశోధకులు చర్మంలోని వర్ణకణాల మీద నాడీ వ్యవస్థ అదుపును వివరంగా పరిశీలించారు. చీకట్లో ఊసరవెల్లి పాలిపోయే తీరును అర్థం చేసుకోవడానికి ఈ పరిశోధనలే ఆధారం.

నిద్ర మీద నేరుగా జరిగిన పరిశోధన తక్కువే. 1966లో నేచర్ పత్రికలో టౌబర్, రాఫ్‌వార్గ్, వైట్జ్‌మన్ ప్రచురించిన వ్యాసం పగటి బల్లుల నిద్రలో మెదడు విద్యుత్ సంకేతాలను, కంటి కదలికలను నమోదు చేసింది. ఆ పరిశీలనలో ఊసరవెల్లులు కూడా ఉన్నాయి. తర్వాతి పెద్ద మలుపు 2016లో వచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని మాక్స్ ప్లాంక్ మెదడు పరిశోధన సంస్థ వారు బియర్డెడ్ డ్రాగన్ అనే ఆస్ట్రేలియా జీవి నిద్రలో రెండు దశలు సుమారు 80 సెకన్లకొకసారి మారుతుంటాయని సైన్స్ పత్రికలో వెల్లడించారు. ఒకటి నెమ్మది తరంగాల దశ, రెండోది మనిషి కలల నిద్రను పోలిన దశ. ఈ జీవి తొండ కుటుంబానిది. తొండలూ ఊసరవెల్లులూ దగ్గరి చుట్టాలు కాబట్టి ఆ ఫలితానికి ఇక్కడ ప్రాధాన్యం ఉంది. అయితే 2018లో మరో బల్లి జాతిని కలిపి చేసిన పోలికలో ఆ రెండో జాతికి అదే తీరు కనబడలేదు. సరీసృపాలన్నీ ఒకేలా నిద్రపోతాయని అనడానికి వీల్లేదు.

సహజ నిద్ర: చోటు, భంగిమ, రంగు

చోటు. వెలుగు తగ్గడం మొదలైన దగ్గర్నుంచి ఊసరవెల్లి కొమ్మ మొదలు వదిలి చివరికి జరుగుతుంది. రెమ్మ ఎంత సన్నగా ఉంటే దానికి అంత నయం. రాత్రివేళ చెట్లెక్కే పాము గానీ మరేదైనా వేటజీవి గానీ ఆ రెమ్మ మీదికి వస్తే బరువుకు అది ఊగుతుంది. ఆ ఊపుకు మేలుకున్న ఊసరవెల్లి పట్టు వదిలి కింది ఆకుల్లోకి పడిపోతుంది. దులిపితే రాలిపోవడం నిద్రమత్తు వల్ల జరిగేది కాదు, ప్రాణరక్షణ. గుడ్డు నుంచి బయటపడిన పిల్లలు కూడా సన్నని కాడలనే వెతుక్కుంటాయి. మడగాస్కర్‌లోని బ్రూకేసియా అనే చిన్న ఊసరవెల్లులు పగలంతా నేల మీద రాలిన ఆకుల్లో తిరిగి, రాత్రికి చిన్న మొక్కల మీదికి ఎక్కి పడుకుంటాయి. నేల మీద బతికే జాతులు కూడా నిద్రకు నేలను నమ్మవన్నమాట.

భంగిమ. నాలుగు పాదాలూ రెమ్మను బిగించి ఉంటాయి. తోక జంతిక చుట్టలా లోపలికి చుట్టుకుంటుంది. శరీరం రెమ్మకు దగ్గరగా ఒదుగుతుంది, తల కొద్దిగా వాలుతుంది. కనుగుడ్లు లోపలికి వెళ్ళి, వాటి మీది గుండ్రని రెప్ప రంధ్రం సన్నని గీతగా మూసుకుంటుంది. పడుకునే ముందు కొన్ని కళ్ళను బాగా ఉబ్బించి, తిప్పి, రెమ్మకు రుద్దుతాయి. మొదటిసారి చూసినవారికి అది వాపులా తోస్తుంది. నిజానికి కంట్లోని నలతను తొలగించుకోవడం. నిమిషంలోపు కన్ను మామూలవుతుంది.

రంగు. నిద్రలో ఊసరవెల్లి లేత ఆకుపచ్చగా గానీ, పసుపు లేదా తెలుపు కలిసిన పాలిపోయిన రంగులోకి గానీ మారుతుంది. పగలు కళ్ళ ముందున్నా ఆకుల్లో కలిసిపోయే ఈ జీవి రాత్రి టార్చి వెలుగులో తెల్లగా మెరిసి వెంటనే కనబడిపోతుంది. అందుకే ఊసరవెల్లుల లెక్కింపు ఎక్కువగా రాత్రి పూట చేస్తారు. లెక్కించేవారికి ఎంత అనుకూలమో పట్టి అమ్మేవారికీ అంతే అనుకూలం.

నిద్ర జరిగే తీరు

నిద్రలో రంగు మారడానికి మూలం చర్మంలోనే ఉంది. దాని పై పొరల్లో పసుపు, ఎరుపు రంగు కణాలుంటాయి. వాటి కింద కాంతిని పరావర్తనం చేసే కణాలు, ఇంకా లోపల నల్లని మెలనిన్ కణాలు ఉంటాయి. జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్యాంథర్ ఊసరవెల్లిని పరిశీలించి, పరావర్తక కణాల్లోని గ్వానిన్ స్ఫటికాల మధ్య ఎడం మారడం వల్లనే ఆ జాతిలో ఆకుపచ్చ నుంచి పసుపు, ఎరుపు వైపు మార్పు వస్తుందని చూపారు. నిద్రలో పాలిపోవడానికి ముఖ్య కారణం వేరు. మెలనిన్ రేణువులు కణం మధ్యకు ముడుచుకుపోతే చర్మం లేతబడుతుంది, అవి కణమంతా విస్తరిస్తే ముదురుతుంది. నిద్రపోతున్న జీవి మీద ఒక పక్క నుంచి వెలుగు వేస్తే ఆ పక్క కొద్దిసేపటికి ముదురుతుంది, నీడ పడిన భాగం లేతగానే ఉంటుంది. తెల్లవారగానే కొన్ని బాగా నల్లబడి ఎండ వైపు ఒళ్ళు చదును చేసి కూర్చుంటాయి. ముదురు రంగు వేడిని త్వరగా పీలుస్తుంది. నమీబియా ఎడారి ఊసరవెల్లి ఉదయం ఎండ తగిలే పక్క నల్లగా, రెండో పక్క లేతగా ఉండగలదు.

రాత్రంతా కొమ్మను పట్టుకుని ఉండడం దానికి పెద్ద శ్రమ కాదు. ఊసరవెల్లి కాళ్ళ కండరాల్లో నెమ్మదిగా బిగిసి, తక్కువ శక్తితో ఎక్కువసేపు పట్టు నిలుపుకునే తంతువులు ఎక్కువ. పగలు దాని నడక నత్తనడక కావడానికీ ఇవే కారణం.

నిద్ర వ్యవధిని నిర్ణయించేవి వెలుగు, ఉష్ణోగ్రత. బారువ సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. అక్కడ జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబరులో 11 గంటలకు తగ్గుతుంది. అంటే ఊసరవెల్లి నిద్రపోయే రాత్రి కాలాన్ని బట్టి సుమారు 11 నుంచి 13 గంటల వరకు ఉంటుంది. శీతాకాలంలో త్వరగా పడుకుని ఆలస్యంగా కదిలితే దాన్ని సోమరితనమనో జబ్బనో అనుకోనక్కరలేదు. మధ్యధరా ప్రాంతపు ఊసరవెల్లి చలికాలమంతా స్తబ్ధంగా గడుపుతుంది. ఉద్దానం తీరంలో అంత చలి ఉండదు.

అసాధారణంగా తోచినా సహజమైనవి

మధ్యాహ్నపు ఎండలో నీడకు చేరి, లేత రంగులో, నోరు కొద్దిగా తెరిచి కదలక కూర్చోవడం వేడిని వదిలించుకునే పద్ధతి. కళ్ళు తెరిచి ఉన్నంతవరకు భయం లేదు. నోరు తెరవడం నీడలోనూ ఆగకపోతే మాత్రం వేడి మితిమీరినట్టు.

రోజూ ఒకే రెమ్మకు వచ్చి పడుకోవడం, ఒకనాడు హఠాత్తుగా చోటు మార్చడం రెండూ మామూలే. తలకిందులుగా వేలాడుతూ లేదా నిలువు కాడకు కరుచుకుని పడుకోవడం కూడా కనిపిస్తుంది. పట్టు గట్టిగా ఉంటే దాన్ని కదిలించనవసరం లేదు.

కొత్త చోటికి చేరినప్పుడు కొన్ని రోజులు వేళకు ముందే పడుకుంటుంది, లేదా రాత్రి కూడా కదులుతుంటుంది. కుబుసం వదిలే రోజుల్లో తల రుద్దుకోవడం, కళ్ళు కొద్ది కొద్ది సేపు మూయడం ఉంటుంది.

గర్భిణి ఆడ ఊసరవెల్లి విషయం ప్రత్యేకం. గుడ్లు పెట్టే సమయం దగ్గరపడితే తిండి తగ్గిస్తుంది, అశాంతిగా తిరుగుతుంది, చెట్టు దిగి నేల తవ్వుతుంది. తవ్వకం పొద్దుపోయినా పూర్తి కాకపోతే ఆ గోతిలోనే రాత్రి గడపవచ్చు. నేల మీద ఊసరవెల్లి కనబడితే దెబ్బ తగిలిందనుకుని చెట్టెక్కించేవారుంటారు. తవ్వుతున్న జీవిని అలా కదిలిస్తే గుడ్లు కడుపులోనే నిలిచిపోయే ప్రమాదముంది. గుడ్లు పెట్టి మట్టి కప్పిన తర్వాత నీరసించి, కొన్ని రోజులు ఎక్కువ విశ్రమించడం సహజం.

అనారోగ్య సూచనలు

పగలు కళ్ళు మూసుకోవడం. పెంపుడు ఊసరవెల్లుల వైద్యంలో దీనికి మించిన హెచ్చరిక లేదు. బలహీనంగా కనిపించిన జీవి వేటజీవులకు సులువుగా దొరుకుతుంది. కనుక ఊసరవెల్లి తన జబ్బును చివరిదాకా బయటపడనివ్వదు. కళ్ళు మూసేసరికే జబ్బు ముదిరి ఉండవచ్చు. తరచు కారణం నీటి కొరత. ఇది గిన్నెలో నీరు తాగదు, ఆకుల మీది చినుకులను నాకుతుంది. నీరు చాలనప్పుడు కళ్ళు గుంటలు పడతాయి, విసర్జనలోని తెల్లని భాగం నారింజ రంగుకు తిరుగుతుంది. నిద్రలో కళ్ళు లోపలికి పోవడం సహజమని పైన చూశాం. తెరిచి ఉన్న కళ్ళు కూడా గుంటలో ఉంటేనే దాన్ని నీటి కొరతగా గుర్తించాలి. విటమిన్ ఎ లోపం, కంటి ఇన్ఫెక్షన్, మితిమీరిన అతినీలలోహిత కాంతి, పురుగుల బెడద, కడుపులో నిలిచిన గుడ్లు ఇతర కారణాలు.

ఒకే కన్ను మూయడం. మొసలి వంటి కొన్ని సరీసృపాలు ఒక కన్ను తెరిచి విశ్రమిస్తాయని పరిశోధనలున్నాయి. వాటిని ఊసరవెల్లికి ఆపాదించడం సరికాదు. దీనికి పగలు ఒక కన్ను మూత పడిందంటే చాలావరకు ఆ కంట్లో నలత గానీ పుండు గానీ ఉన్నట్టే.

పట్టు జారడం. నిద్రలో కొమ్మ మీద నుంచి పదే పదే పడిపోవడం, ముంజేతులు వంకర పోవడం, దవడ మెత్తబడడం ఎముకల జబ్బుకు గుర్తులు. కాల్షియం గానీ, దాన్ని ఒంటికి పట్టించే విటమిన్ డి3 గానీ చాలకపోతే ఇది వస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలతోనే ఊసరవెల్లి డి3 తయారుచేసుకుంటుంది. తిండిలో డి3 తగ్గినప్పుడు ప్యాంథర్ ఊసరవెల్లులు ఆ కిరణాల్లో ఎక్కువసేపు గడుపుతాయని 2009లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది.

తల పైకెత్తి పడుకోవడం. ముక్కు ఆకాశానికి పెట్టి, నోరు తెరిచి, బుడగలు లేదా చీమిడితో కనిపిస్తే శ్వాసకోశ ఇన్ఫెక్షన్‌ను అనుమానించాలి.

నిద్రలోనూ ముదురు రంగు వీడకపోవడం. చలి, నొప్పి, భయం ఇందుకు కారణాలు కావచ్చు. ఒక రాత్రి కనిపిస్తే పెద్దగా పట్టించుకోనవసరం లేదు. వరసగా కనిపిస్తూ తిండి కూడా తగ్గితే వైద్యుడికి చూపించాలి.

గుడ్లు లేని జీవి పంజరం అడుగున పడుకోవడం. పైకెక్కే శక్తి లేకపోవడమే దీనికి మామూలు కారణం.

పెంపకంలో నిద్ర ఏర్పాట్లు

విదేశాల్లో పెంపకానికి ఎక్కువగా వాడేవి యెమెన్, సౌదీ అరేబియాలకు చెందిన వేల్డ్ ఊసరవెల్లి, మడగాస్కర్‌కు చెందిన ప్యాంథర్ ఊసరవెల్లి, తూర్పు ఆఫ్రికాకు చెందిన మూడు కొమ్ముల జాక్సన్ ఊసరవెల్లి. వీటికి రోజుకు సుమారు 12 గంటల వెలుగు, తక్కిన సమయం పూర్తి చీకటి ఇస్తారు. రాత్రి ఎర్ర బల్బు పెడితే నిద్ర చెడదని చాలామంది నమ్ముతారు. ఇది తప్పు, ఊసరవెల్లి రంగులను చక్కగా గుర్తించగలదు. ఎండ కాచుకునే చోట పగలు 30 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంచి, రాత్రికి కొన్ని డిగ్రీలు తగ్గనిస్తారు. ఆ తగ్గుదల నిద్రకు అవసరం. టీవీ వెలుగు, అర్ధరాత్రి వేసే దీపాలు, ఎదురుగా మరో ఊసరవెల్లి కనబడడం నిద్రకు ఆటంకాలు. ఇవి ఒంటరి జీవులు. అద్దంలో తన రూపాన్ని చూసినా కొన్ని నల్లబడి ఉబ్బుతాయి.

ప్రవర్తన మారిందో లేదో తేల్చడానికి నిద్రపోయిన వేళ, లేచిన వేళ, పడుకున్న ఎత్తు, రంగు రాసి ఉంచుకోవడం వైద్యుడికి ఎంతో ఉపయోగపడుతుంది. రాత్రి తీసిన ఒక్క ఫోటోతో జబ్బు తేల్చడం సాధ్యం కాదు.

ఉద్దానం తీరంలో పరిస్థితి

2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి తోటలను పెద్దఎత్తున నేలకూల్చింది. తుపాను నష్టాన్ని రైతు చెట్ల లెక్కలో చూస్తాడు. చెట్ల మీద పడుకునే జీవులకు అదే నష్టం నిద్రాస్థలాల లెక్కలో తగులుతుంది. లేత మొక్కలు కొమ్మలు వేసి ఒకదాన్నొకటి తాకేదాకా ఊసరవెల్లి చెట్టు నుంచి చెట్టుకు నేల మీద నడిచే పోవాలి. ఆ నడకలో కుక్కలు, వాహనాలు దానికి ప్రమాదం. టెక్కలి, పలాస, కంచిలి మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి వంటి దారులు దాటడం దానికి దాదాపు అసాధ్యం. వేగంగా తప్పుకోలేదు, భయపడితే కదలకుండా నిలిచిపోతుంది.

తోటల్లో చల్లే పురుగుమందులు దాని ఆహారాన్ని తగ్గిస్తాయి. అపశకునమని, విషపు జీవి అని రాళ్ళు వేసే అలవాటు తెలుగు పల్లెల్లో ఇంకా పూర్తిగా పోలేదు. జీడితోటలో కొమ్మలు కత్తిరించే పనిని పొద్దు ఎక్కాక మొదలుపెడితే రెమ్మల చివర పడుకున్న జీవులు కదిలిపోవడానికి వ్యవధి దొరుకుతుంది. రాత్రి టార్చి పట్టుకుని చూసేవారు వెలుగును నేరుగా కళ్ళ మీద వేయకుండా, రెమ్మను తాకకుండా కొద్ది క్షణాల్లో ముగించాలి.

చట్టపరమైన స్థితి

దేశీయ ఊసరవెల్లికి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణ ఉంది. పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. విదేశీ జాతుల్లో అత్యధికం అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం (సైటీస్) రెండో అనుబంధంలో ఉన్నాయి. 2022 సవరణ తర్వాత అటువంటి జంతువులను కలిగి ఉన్నవారు వాటిని నమోదు చేసుకోవాలి, ఇందుకు 2024లో నియమాలు వెలువడ్డాయి. దెబ్బతిన్న లేదా పగలు కళ్ళు మూసుకుని పడి ఉన్న దేశీయ ఊసరవెల్లి తోటలో దొరికితే దాన్ని గాలి ఆడే పెట్టెలో ఒక కొమ్మ వేసి నీడన ఉంచి, వెంటనే అటవీ శాఖకు తెలపాలి. ఏ విధంగానైనా చేతికి వచ్చిన రక్షిత వన్యప్రాణి గురించి 48 గంటల్లోపు దగ్గరి పోలీసు స్టేషనుకు గానీ అధీకృత అధికారికి గానీ తెలియజేయాలని చట్టంలోని 39వ సెక్షన్ చెబుతోంది.